వార్డు తీసుకున్న బావ

మా ఆసుపత్రిలో కార్లకు ఒక బాధ్యుడున్నాడు. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఏ కారు ఏ నీడన ఆగాలో చూపుడువేలితో తేల్చే పార్కింగ్ ఇన్‌ఛార్జికి జీతం కాక నెలనెలా బాధ్యతా భత్యం అందుతుంది. క్యాంటీన్ సూపర్‌వైజరుకూ అందుతుంది, పాలు విరిగితే ఆయనే జవాబు చెప్పాలి కాబట్టి. జనరేటర్ చూసుకునే ఆయనకూ అందుతుంది. మగవాళ్ళ వార్డులో మనుషుల్ని చూసుకునే నాకు మాత్రం అందదు. ఎందుకని అడిగితే, నా పనిలో బాధ్యత లేదట.

ఆ మాట అన్నది దారినపోయే దానయ్య కాదు. సాక్షాత్తూ మా బావ, మా అక్క మొగుడు.

బావ అంతకుముందు సబ్బుల కంపెనీలో పనిచేసేవాడు. అక్కడినుంచి మా ఆసుపత్రికి సిబ్బంది వ్యవహారాల అధికారిగా వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఇంట్లో ఈగను తోలాలన్నా అక్క మొహం ఒకసారి చూసి తోలుతాడు. ఆఫీసుకు వచ్చి టై బిగించాక మాత్రం మెడ అటూ ఇటూ తిరగదు. ఎదురుగా ఉన్న కాగితం తప్ప ఇంకేదీ కనిపించదు. తనకు తెలియని సంగతి ఎవరైనా అడిగితే "అది సాంకేతిక విషయం" అంటాడు. ఆ లెక్కన మా ఆసుపత్రిలో సాంకేతికం కానిది క్యాంటీన్ టీ ఒక్కటే.

భత్యం అడగడానికి మేం నర్సులమంతా కలిసి వెళ్ళాం. మీటింగ్ హాల్లో మైకు పెట్టించాడు. పదిమంది ఉన్న గదిలో మైకు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

"సిస్టర్స్, మీ సేవ అమూల్యం" అని మొదలుపెట్టాడు.

అప్పుడే అర్థమైపోయింది. అమూల్యం అంటే వెల కట్టలేనిదని కదా. కట్టలేనిది కాబట్టి కట్టరన్నమాట.

"వార్డులో బాధ్యత డాక్టర్లది. మీరు సహాయక సిబ్బంది. వాళ్ళు చెప్పింది మీరు చేస్తారు. బాధ్యత లేనప్పుడు బాధ్యతా భత్యం ఎలా ఇస్తామో మీరే చెప్పండి" అన్నాడు బావ.

నా పక్కనుంచి బుల్లెట్ సిస్టర్ లేచింది. మోటారుసైకిల్ మీద వస్తుందని ఆ పేరు పెట్టాం గానీ, నోటికీ అదే సరిపోతుంది. "డాక్టరుగారు పొద్దున్న ఒకసారి వచ్చి వెళ్తారు సార్. రోగులు రోజంతా ఉంటారు. మిగతా టైమంతా వాళ్ళ బాధ్యత ఏమవుతుంది? ఫ్రిజ్‌లో పెడతారా?" అంది.

"అది సాంకేతిక విషయం" అన్నాడు బావ, మైకులో.

సరే, అక్కడితో చప్పబడింది. ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పాను. మా ఆయన లిఫ్టులు రిపేరు చేస్తాడు. "లిఫ్టులో ఒక్క మనిషి ఎక్కువైతే అది కీచుమంటుంది, కదలదు. మీరెందుకే కీచుమనరు?" అన్నాడు. మొగుడు గారి సలహా ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, వినడానికి బాగుంటుంది, చెయ్యడానికి దారుండదు. లిఫ్టు కదలకపోతే జనం మెట్లెక్కుతారు. నేను కదలకపోతే జనం పైకే పోతారు.

ఆ మరుసటి వారమే కండక్టర్ తాత మంచం మీంచి పడ్డాడు.

ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. కళ్ళు తిరుగుతున్నాయని చేర్చారు. ఒంటరిగా మంచం దిగొద్దని డాక్టరు చెప్పాడు, నేను చెప్పాను, ఊడ్చే ఆవిడ కూడా చెప్పింది. జీవితమంతా బస్సు కదులుతుండగా ఎక్కి దిగిన మనిషికి కదలని మంచం ఒక లెక్కా? ఆయన పక్క మంచం మీద డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. ఆయనది ఊపిరితిత్తుల జబ్బు. ఆక్సిజన్ మాస్కు పెడితే ఆయాసంలో చిరాకేసి పీకేసేవారు. నా అనే మనిషి ఎవరూ వచ్చేవారు కాదు.

ఆ రోజు పొద్దున్న నాతోపాటు డ్యూటీలో ఉన్న సిస్టర్‌ని ఒక రోగి వెంట స్కానింగ్‌కి పంపారు. వార్డంతా నేనొక్కదాన్నే. మాస్టారు మాస్కు పీకేసి పెదాలు నీలంగా మారుతుంటే, తల ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో మాస్కు అదిమి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే కండక్టర్ తాత గంట కొట్టాడు. "వస్తున్నా తాతా, ఆగు" అని అరిచాను. ఆయన ఇంకోసారి గంట కొట్టి, మంచానికి కాళ్ళవైపు కమ్మీ లేనిచోటు చూసుకుని, దిగడం మొదలుపెట్టాడు.

నేను చూస్తూనే ఉన్నాను. నా చెయ్యి వదిలితే ఇక్కడ ప్రాణం పోతుంది, వదలకపోతే అక్కడ ఎముక విరుగుతుంది. ఎముకను వదిలేశాను. మణికట్టు విరిగింది.

తాత కొడుకు బట్టల షాపు యజమాని. తండ్రిని చూడ్డానికి అప్పటిదాకా రాలేదు గానీ, పడ్డాడని తెలియగానే రెక్కలు కట్టుకుని వచ్చేశాడు. వరండాలో నిలబడి "దీనికి ఎవరు బాధ్యులు? నాకు పేరు కావాలి" అని కేకలు పెట్టాడు. పేరు వెతకడానికి మా బావకు ఎంతోసేపు పట్టలేదు. నన్ను గదికి పిలిచి, కూర్చోమనకుండానే చెప్పాడు.

"ఆ టైములో వార్డు బాధ్యత నీదే కదా సిస్టర్. విచారణ పెడుతున్నాం. పెద్ద డాక్టరుగారు, నేను కూర్చుంటాం. నిర్లక్ష్యమని తేలితే ఉద్యోగం ఉండదు. రికార్డులో కూడా రాయాల్సి వస్తుంది."

రికార్డులో రాస్తే ఇంకే ఆసుపత్రీ గుమ్మం తొక్కనివ్వదు. నాకు తెలిసిన విద్య ఇదొక్కటే. కోపం ఆ తరవాత ఎప్పుడో వచ్చింది. ముందు నాకు భయం వేసింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడే అడిగాను.

"పోయిన వారం నాకు బాధ్యతే లేదన్నారుగా సార్?"

"అది జీతాల విషయం. ఇది క్రమశిక్షణ విషయం. రెండూ కలపకూడదు."

డబ్బు దగ్గర సహాయకురాలిని, తప్పు దగ్గర బాధ్యురాలిని. ఒక మనిషిని ఇంత చక్కగా రెండుగా కోయడం మా ఆపరేషన్ థియేటర్లో కూడా ఎవరికీ రాదు.

అక్కకు తెలిసి ఇంట్లో చెడుగుడు ఆడేసింది. "నా చెల్లెలి ఉద్యోగం పోయిన రోజున మీకు ఈ ఇంట్లో పొయ్యి వెలగదు" అందట. "ఆఫీసు విషయాలు ఇంట్లో మాట్లాడను" అన్నాడట బావ. "సరే, వంట విషయాలు కూడా మాట్లాడకండి" అని అక్క పుట్టింటి వైపు ఫోన్లు చేయడం మొదలుపెట్టిందట. అయినా బావ చలించలేదు. ఆ మొండితనమే నిజాయితీ అనుకుంటాడు, పాపం.

ఇక్కడ మా వార్డు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. డ్యూటీ మారేటప్పుడు వెళ్ళే నర్సు, వచ్చే నర్సు ఇద్దరూ కలిసి ప్రతి మంచం దగ్గరా ఆగుతాం. వెళ్ళేది ఆ రోగి సంగతి చెబుతుంది. విన్నది "తీసుకున్నాను" అనాలి. తలూపితే చెల్లదు. ఊఁ కొడితే చెల్లదు. నోరు తెరిచి, రోగికి వినపడేలా అనాలి. ఆ మాట పడేదాకా వెళ్ళేవాళ్ళు గుమ్మం దాటకూడదు. అన్నాక వార్డు అన్నవాళ్ళది. ఇల్లు తగలబడుతోందని కబురొచ్చినా సరే, ఇంకొకళ్ళు తీసుకునేదాకా కదలకూడదు. ఎప్పుడో ఒక పెద్ద సిస్టరమ్మ పెట్టిన పద్ధతి ఇది. రూల్సు పుస్తకంలో లేదు, అందుకే అందరూ పాటిస్తారు. రోజూ పూటపూటా వింటారు కాబట్టి రోగులకు కూడా కంఠతా వచ్చేసింది. ఎవరైనా సిస్టర్ హడావిడిలో ఒక మంచం దాటేస్తే "నన్ను తీసుకోలేదేంటమ్మా?" అని వాళ్ళే పిలుస్తారు.

విచారణ రోజు నాది పొద్దుటి డ్యూటీ. మధ్యాహ్నం బుల్లెట్ వచ్చి తీసుకుంటే నేను పైకి వెళ్ళాలి. చేతులు కడుక్కునే చోట నిలబడి, రోగులందరి సంగతీ దానికి ముందుగానే ఒకసారి చెప్పాను. అంతా విని, చేతులు తుడుచుకుని, వార్డులోకి వచ్చాక మాత్రం ఆ మాట అననంది.

"నేను సహాయకురాలిని కదక్కా. నువ్వూ సహాయకురాలివే. బాధ్యత లేనివాళ్ళం ఒకళ్ళకొకళ్ళం ఏం అప్పజెప్పుకుంటాం? ఉన్నవాళ్ళు వచ్చి తీసుకోనీ."

"ఒసేయ్, అవతల నా మెడ మీద కత్తి ఉందే."

"అందుకే అంటున్నా. నువ్వు కదలకు."

రోగుల్ని గాలికి వదిలేశామని ఎవరూ అనుకోవద్దు. ఇంకో సిస్టర్ స్కానింగ్‌కి పోతే మామూలుగా ఒకళ్ళే మిగిలే పూట ఇద్దరం ఉన్నాం. మందులు వేళకు పడ్డాయి, సూదులు వేళకు పడ్డాయి. ఆ రోజు మా వార్డు ఎంత బాగా నడిచిందో చూస్తే, వార్డులో ఎప్పుడూ ఇద్దరు నర్సులుంటే బాగుంటుందన్న ఆలోచన ఎవరికైనా వచ్చేది. చూడ్డానికి ఎవరూ రాలేదంతే.

కాసేపటికి బావే దిగివచ్చాడు. టై, మెడ, చేతిలో ఫోను.

"సిస్టర్, పెద్ద డాక్టరుగారు వచ్చి కూర్చున్నారు. నువ్వింకా ఇక్కడేం చేస్తున్నావ్?"

"వార్డు ఇంకా ఎవరూ తీసుకోలేదు సార్. వదిలి రాకూడదు."

"ఈవిడ వచ్చిందిగా?"

"వచ్చాను సార్" అంది బుల్లెట్, దానికి రాని వినయమంతా తెచ్చిపెట్టుకుని. "కానీ నేను సహాయక సిబ్బందిని. బాధ్యత ఉన్నవాళ్ళు తీసుకుని, నాకు పని చెబితే చేస్తాను."

"అబ్బబ్బ! తీసుకోవడమంటే ఇప్పుడు ఏం చెయ్యాలి?"

"తీసుకున్నానని అనాలి సార్. అంతే."

బావ గడియారం చూసుకున్నాడు. సబ్బుల కంపెనీలో ఇలాంటివి ఉండవు. సబ్బులు ఎవరికి అప్పజెప్పినా సబ్బుల్లాగే ఉంటాయి. "సరే, తీసుకున్నాను! చాలా? పద" అన్నాడు.

వార్డులో అటుపక్కా ఇటుపక్కా మాటలు ఆగిపోయాయి. కండక్టర్ తాత కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని లేచి కూర్చున్నాడు.

"అలా గుండుగుత్తగా తీసుకోకూడదు బాబూ. మంచం మంచం దగ్గరా అనాలి. నాకు ఒక చెవి పనిచెయ్యదు, కాస్త గట్టిగా అను."

వాదించి టైము పోగొట్టుకోవడం కంటే అనేయడమే మేలనుకున్నట్టున్నాడు బావ. నేను చెబుతుంటే నా వెనకే నడిచాడు. ఈయనకు చక్కెర, తినేముందు సూది. తీసుకున్నాను. ఈయన ఇప్పుడే వాంతి చేసుకున్నారు, మళ్ళీ అయితే రంగు చూడాలి. "రంగా?" తీసుకున్నాను. ఈయన కండక్టర్ తాత, దిగుతానంటారు, దిగనివ్వకూడదు. తీసుకున్నాను. ఈయన మాస్టారు, మాస్కు పీకేస్తారు, పీకితే పెదాల వైపు చూడాలి. తీసుకున్నాను. చివరికి వచ్చేసరికి బావ గొంతు పాఠం అప్పజెప్పే పిల్లాడి గొంతయింది. మందుల బీరువా తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఇక పద" అని గుమ్మం వైపు తిరిగాడు.

"ఏంటి బాబూ, బస్సు నడిరోడ్డున వదిలేసి దిగిపోతున్నావ్?" అన్నాడు కండక్టర్ తాత.

"అదేంటండీ?"

"తీసుకున్నానన్నావుగా. ఇప్పుడు ఎవరికిచ్చి పోతున్నావ్?"

"అవునండీ, ఎవరికిచ్చి పోతున్నారు?" అన్నాడు చక్కెర ఆయన. "మాకూ చెప్పండి, తెలుసుకుంటాం" అన్నారు ఇంకెవరో. బావ బుల్లెట్ వైపు చూశాడు. అది రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. "నేనున్నాను సార్, సహాయానికి. మీరెలా చెబితే అలా." నా వైపు చూశాడు. "విచారణకు ఆలస్యమైతే అదొక నిర్లక్ష్యం రాస్తారు సార్" అని నేను మెట్లెక్కేశాను. ఆ ఒక్క నిమిషం, ఉన్న భయమంతా మరిచిపోయి నవ్వుకున్నానని ఒప్పుకుంటాను.

విచారణ గది చల్లగా, పరిశుభ్రంగా ఉంది. అద్దం బల్ల, తోలు కుర్చీలు, పెద్ద డాక్టరు. ఆయన మంచి వైద్యుడే. కానీ ఏళ్ళ తరబడి బల్లల వెనక కూర్చుని, రోగిని చూసి చాలా కాలమైంది. కాసేపు కిటికీ చూశాడు, కాసేపు నన్ను చూశాడు.

"ఈయనేడమ్మా?"

"వార్డులో ఉన్నారు సార్."

ఫోను చేసి స్పీకర్లో పెట్టాడు. అవతల బావ గొంతు రొప్పుతోంది. "సార్, నేను... వద్దు వద్దు తాతగారూ, కూర్చోండి... సార్, నేను ఇప్పుడు రాలేను... మాస్టారూ, తీయకండి, ప్లీజ్, తీయకండి..." ఫోను ఎక్కడో పడ్డ చప్పుడైంది.

పెద్ద డాక్టరు నన్ను అడిగాడు, "ఏమవుతోంది కింద?"

"వార్డు ఆయన మీదుంది సార్" అన్నాను.

ఇద్దరం దిగి వెళ్ళాం. బుల్లెట్ వార్డు ఆ చివర వాంతి చేసుకుంటున్న మనిషి తల పట్టుకుని ఉంది. అది నాటకం కాదు, నిజంగానే అతని పరిస్థితి బాగా లేదు. స్కానింగ్‌కి వెళ్ళిన సిస్టర్ ఇంకా తిరిగి రాలేదు. ఈ చివర రెండు మంచాల మధ్య స్టూలు మీద మా బావ. ఎడమచేత్తో మాస్టారి మొహం మీద మాస్కు పట్టుకున్నాడు, కుడిచేత్తో కండక్టర్ తాత భుజం అదిమి పట్టుకున్నాడు. తాత బాగున్న చేత్తో బావ టై పట్టుకుని, బస్సులో పైకమ్మీ పట్టుకున్నట్టు వేలాడుతున్నాడు.

"రండి, విచారణ మొదలుపెడదాం" అన్నాడు పెద్ద డాక్టరు. పాపం, అలవాటు.

"ఎలా రమ్మంటారు సార్?" అన్నాడు బావ. చెమట ముక్కు మీదుగా కారుతోంది. "ఈ చెయ్యి తీస్తే ఈయన మాస్కు పీకేస్తారు. ఆ చెయ్యి తీస్తే ఆయన దిగిపోతారు."

"నర్సుని పిలవండి."

"పిలిచాను సార్. ఆవిడ అక్కడ ఇంకొకర్ని పట్టుకుని ఉంది."

పెద్ద డాక్టరు అలవాటుగా "సిస్టర్!" అన్నాడు. నా మనసు ఇంకా విచారణలోనే ఉంది గానీ చేతులు ఆగలేదు. వెళ్ళి మాస్కు అందుకున్నాను, మాస్టారి తల సరిచేశాను. బావ ఎడమచెయ్యి ఖాళీ అయింది. అయినా లేవలేదు. ఆ చెయ్యి వైపు చూసుకుంటూ, నాకు మాత్రమే వినపడేలా అడిగాడు.

"ఆ రోజు కూడా ఇంతేనా?"

"ఇంతే బావా" అన్నాను. ఆసుపత్రిలో ఆయన్ని బావా అని పిలవడం అదే మొదటిసారి. "కాకపోతే ఆ రోజు రెండో చేతికి తాత అందలేదు."

 కండక్టర్ తాత ఊరుకోలేదు.

"ఏంటి, నేను పడ్డందుకా ఈ గోలంతా? డాక్టరుగారూ, నన్నెవరూ పడెయ్యలేదు. ఆగమని ఈ అమ్మాయి అరుస్తూనే ఉంది. స్టాపు రాకముందే దిగేవాడికి కండక్టరేం చేస్తాడండీ? మా వాడి మాట పట్టించుకోకండి. వాడు నన్ను చూడ్డానికి రాలేదు, గొడవ చూడ్డానికి వచ్చాడు."

పెద్ద డాక్టరు గొంతు సవరించుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా, "ఇంక విచారణ అక్కర్లేదనుకుంటా" అని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. మాస్కు పట్టుకున్న చేతుల్తో కళ్ళు తుడుచుకోలేక, బుగ్గల మీద కారనిచ్చాను. ఉద్యోగం నిలిచిందన్న సంతోషమూ, ఇంత చిన్న సంగతి తెలియడానికి ఒక అధికారి మెడలో టై పట్టి వేలాడాల్సి వచ్చిందే అన్న ఒళ్ళుమంటా, రెండూ కలిసి వచ్చాయి.

వాంతులు తగ్గాక బుల్లెట్ చేతులు కడుక్కుని వచ్చింది. దానికి అప్పజెప్పనిదే బావ గుమ్మం దాటడానికి వీల్లేదు కదా. మొదటి మంచం నుంచి మొదలుపెట్టాడు. సగం మరిచిపోయాడు, రోగులే అందించారు. "నాది చక్కెర సార్" అన్నాడు ఒకాయన. "రంగు మారలేదు, చూశాను" అన్నాడు బావ ఇంకొక మంచం దగ్గర, కాస్త గర్వంగా. బుల్లెట్ ప్రతిచోటా పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటూ "తీసుకున్నాను సార్" అంటూ వచ్చింది. మాస్టారి దగ్గరికి వచ్చేసరికి బావ ఆగాడు.

"ఈయన మాస్కు తీసేస్తుంటారు. చెయ్యి పట్టుకుంటే తియ్యరు. ఊరికే పట్టుకోవాలి, అంతే" అన్నాడు.

ఆ సంగతి మేం ఆయనకు చెప్పలేదు. బుల్లెట్ నవ్వు ఆగిపోయింది. "తీసుకున్నాను సార్" అంది నెమ్మదిగా. తాళాలు ఇచ్చేశాక కూడా బావ కాసేపు ఆ మంచం దగ్గరే తచ్చాడాడు. కండక్టర్ తాతే పంపించాడు, "ఇక దిగొచ్చు బాబూ" అని.

మర్నాడు పొద్దున్న నేను డ్యూటీకి వచ్చేసరికి మాస్టారి మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. తెల్లవారే వేళకు పోయారట. నాకు అప్పజెప్పిన సిస్టర్ ఆ మంచం దగ్గర ఆగబోయి, ఆగకుండా నడిచింది. నేను కూడా. పని మొదలుపెట్టాను.

కాసేపటికి బావ వచ్చాడు. ఆఫీసు ఇంకా తెరవలేదు. నేను సూది మందు ఎక్కిస్తుంటే పక్కన నిలబడి ఆపకుండా మాట్లాడాడు. భత్యం ఇవ్వాలని రాసి కాగితం పైకి పంపాడట. ఇస్తారో, వచ్చే ఏడాది చూద్దామంటారో తెలియదట. పూటకు ఇంకొక నర్సు కావాలని కూడా రాశాడట. "పార్కింగ్ ఆయన భత్యం తీసేసి మీకిద్దామా అని ఒక పెద్దమనిషి అప్పుడే అడిగాడు కూడా" అన్నాడు.

"ఆయన జోలికి వెళ్ళకండి బావా. ఆ భత్యం లేకపోతే మీ కారుని ఎండలో పెట్టిస్తాడు."

బావ నవ్వబోయి, మంచాల వరస చూశాడు. చూపు కొత్త దుప్పటి దగ్గర ఆగింది.

"వేరే వార్డుకి మార్చారా?"

నేను సూది తీసి, దూది అదిమిపెట్టి, తల అడ్డంగా ఊపాను.

బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేనైనా ఏదో ఒకటి అని నవ్వించాల్సింది. బావను ఆటపట్టించడంలో నా నోటికి అడ్డే లేదు, కానీ వాడిన సూది డబ్బాలో వేయడానికి తిరిగాను.

"నేను గానీ... మాస్కు సరిగ్గా పట్టుకోలేదా?" అన్నాడు.

"సరిగ్గానే పట్టుకున్నారు బావా. ఆయన ఊపిరితిత్తుల్లో ఇంకేం మిగల్లేదు. ఇవాళో రేపో అని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు."

"మధ్యలో ఒకసారి ఫోనెత్తాను. అప్పుడు కాస్త జారింది."

"దానివల్ల కాదు బావా."

"నిజం చెప్పు."

"నిజమే చెబుతున్నాను."

నమ్మాడో లేదో తెలియదు. అరచెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు, ఇంకా తడిగా ఉన్నట్టు.

"మీకు ఇలా అనిపించినప్పుడు ఎవర్ని అడుగుతారు? సరిగ్గా పట్టుకున్నానా అని?"

"ఎవర్నీ అడగం బావా. ఇంటికెళ్ళి వంట చేసుకుంటాం."